నేపాల్ హారతమ్మ మనకు చుట్టమే!

‘‘ఈ అమ్మ పేరేంది బిడ్డా?’’

ఖాట్మండులో స్వయంభూ కొండ మీద, పెద్ద స్తూపం పక్కనున్న చిన్న గుడి ముందు నిలబడి మా అత్తమ్మ అడిగింది. రెండంతస్తుల కప్పు ఉన్న గుడి. ముందు చంటిపిల్లల్ని చంకనెత్తుకున్న తల్లులు. పూలు, కుంకుమ, దీపాలు. అచ్చం మన ఊళ్లో బోనాలనాడు అమ్మవారి గుడి ముందు ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది.

‘‘హారతి దేవి అట అత్తమ్మా. పిల్లల్ని కాపాడే తల్లి. వెనకట మశూచి వచ్చినప్పుడు ఇక్కడి వాళ్లంతా ఈ అమ్మకే మొక్కుకునే వాళ్లట’’ అన్నాను, గైడు చెప్పింది చెప్పినట్టు.

అంతే. అత్తమ్మ అక్కడే మెట్టు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టి పదిహేనేళ్లు. మామయ్య పోయినప్పుడు కూడా అందరికీ ధైర్యం చెప్పిన మనిషి. ఆవిడ అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

చాలాసేపటికి చెప్పింది. మావారి కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టిందట. తొలిచూలు. మూడేళ్లు పెరిగింది. 1971లో ఊళ్లో అమ్మవారు పోసింది. వేపమండలు కట్టారు, నెమ్మికల్ దండు మైసమ్మకు మొక్కుకున్నారు. వారం తిరగకుండానే పిల్ల పోయింది. ‘‘పోయిన పిల్ల మాట ఇంట్ల ఎత్తొద్దన్నరు. ఎత్తితే ఉన్నోళ్లకు మంచిది కాదన్నరు. గందుకే ఎవ్వరితోని చెప్పలే’’ అంది.

మన దేశం మశూచి నుంచి బయటపడిందని 1977లో ప్రకటించారు. ఇంకో ఆరేళ్లు ఆగితే ఆ పిల్ల బతికేదేమో! ఆ లెక్క నాకు తెలుసు, అత్తమ్మకు తెలియదు. చెప్పలేదు.

పిల్లల్ని తినే తల్లి

మాది ఆత్మకూర్ (ఎస్). ఎస్ అంటే సూర్యాపేట. ఆత్మకూర్లు చాలా ఉన్నాయి కనుక ఆ అక్షరం తగిలించారు. 2023 నవంబర్‌లో మా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లం కొందరం కలిసి నేపాల్ యాత్రకు వెళ్లాం. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. పశుపతినాథుణ్ని చూడాలన్నది అత్తమ్మ కోరిక. నాకేమో నేపాల్ అంటే హిమాలయాలు, చలి, స్వెట్టర్లు... అంతే.

వెళ్లాక తెలిసింది, అక్కడ ఏది హిందువులది, ఏది బౌద్ధులది అని గీత గీయడం మనవల్ల కాదని. మాయాదేవి సిద్ధార్థుణ్ని కన్న లుంబినిలో అశోకుడు వేయించిన స్తంభం చూశాం. ‘ఇక్కడే బుద్ధుడు పుట్టాడు’ అని ఇరవై రెండు వందల ఏళ్ల కిందటే ఆయన రాయించాడు. 1896లో అది బయటపడింది. మర్నాడు ఖాట్మండు వెళ్తే పశుపతినాథుడి గుడి. ఆ సాయంత్రం కుమారి ఇల్లు. బౌద్ధ శాక్య కుటుంబాల్లోంచి ఒక చిన్నపిల్లను ఎంచి, హిందూ రాజుల కులదేవత తలేజు భవాని రూపమని కొలుస్తారు. 2008లో రాజరికం పోయింది. కుమారి పూజ మాత్రం పోలేదు. ముక్తినాథ్ వైష్ణవులకు దివ్యదేశం, టిబెట్ బౌద్ధులకూ పుణ్యక్షేత్రమే. మా బృందంలో పెద్దవాళ్లు ఎక్కువని అంత ఎత్తు ఎక్కలేదు కానీ, అక్కడ బౌద్ధ సన్యాసినులూ సేవ చేస్తారని విని అందరం ముక్కున వేలేసుకున్నాం.

ఇక హారతి కథ. అసలు పేరు హారీతి. ఆమె మొదట రాక్షసి. ఐదువందల మంది పిల్లల తల్లి. తన పిల్లల్ని సాకడానికి ఊళ్లోవాళ్ల పిల్లల్ని ఎత్తుకుపోయేది. తల్లులంతా వెళ్లి బుద్ధుడితో మొరపెట్టుకున్నారు. ఆయన ఏంచేశాడు? ఆమె కడగొట్టు పిల్లవాణ్ని తన భిక్షాపాత్ర కింద దాచిపెట్టాడు. హారీతి గుండెలు బాదుకుంటూ లోకమంతా వెదికి, చివరికి ఆయన దగ్గరికే వచ్చింది. ‘‘ఐదువందల మందిలో ఒక్కడు కనబడకపోతేనే నీకిలా ఉంటే, ఒక్కగానొక్క బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఎలా ఉంటుంది?’’ అని అడిగాడట. ఆనాటి నుంచి ఆమె పిల్లల్ని కాపాడే తల్లి అయింది.

ఈ కథ బస్సులో చెబితే అత్తమ్మ చాలాసేపు కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చుంది. ‘‘పిల్లల తినే దాన్ని తల్లిని జేసిండా! మన మైసమ్మ లెక్కనే. కొట్టేదీ ఆమెనే, కాపాడేదీ ఆమెనే’’ అంది. ‘‘గీ అమ్మ మన దిక్కు లేదా?’’ అని అడిగింది.

‘‘లేదత్తమ్మా, ఇక్కడి దేవత’’ అనేశాను. డిగ్రీ చదివాను కదా, అడిగినదానికి వెంటనే జవాబు చెప్పడం అలవాటు. నా జవాబు తప్పని తెలియడానికి ఆరు నెలలు పట్టింది.

కుండలో 3,730 నాణేలు

2024 ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్నే పేపర్లో వార్త. ఫణిగిరి తవ్వకాల్లో ఒక మట్టికుండ దొరికింది, అందులో 3,730 సీసపు నాణేలు ఉన్నాయి అని. ఒకవైపు ఏనుగు బొమ్మ, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలం నాటివి.

ఫణిగిరి ఎక్కడో లేదు. సూర్యాపేట నుంచి జనగామ రోడ్డులో అర్వపల్లి దాటి, నాగారం మండలంలో ఉంది. సూర్యాపేటకు నలభై కిలోమీటర్లు. అర్వపల్లి నరసింహస్వామి దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లామో! పక్కనున్న ఫణిగిరికి ఒక్కసారీ వెళ్లలేదు. పాము పడగలాంటి గుట్ట ఉందని, దాని మీద ఏవో రాళ్లున్నాయని విన్నాం, అంతే. నేపాల్ దాకా రైలూ బస్సూ ఎక్కి వెళ్లినదాన్ని, పక్క మండలానికి ఆటో ఎక్కలేదు!

ఆ సిగ్గుతోనే పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. సాయంత్రం కూరగాయలు తరిగేటప్పుడు అత్తమ్మకు చదివి వినిపించేదాన్ని.

ఫణిగిరిలో మొదట నిజాం కాలంలో, 1940ల్లో తవ్వారు. ఆ తర్వాత 2001 నుంచి మళ్లీ మొదలుపెట్టారు. గుట్ట మీద మహాస్తూపం, చైత్యాలు, భిక్షువులు ఉండే విహారాలు, స్తంభాల మండపం బయటపడ్డాయి. 2003లో సున్నపురాయి మీద చెక్కిన తోరణం ముక్కలు దొరికాయి. సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్లే ఘట్టంలాంటివి అక్కడి శిల్పాల్లో ఉన్నాయి. 2019లో సున్నపు గచ్చుతో చేసిన నిలువెత్తు బోధిసత్త్వుడి విగ్రహం దొరికింది. దాదాపు ఐదున్నర అడుగుల పైమాటే. 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో పెట్టిన ప్రదర్శనకు ఫణిగిరి శిల్పాలు విమానమెక్కి వెళ్లాయి. అమెరికా వాళ్లు టికెట్టు కొనుక్కుని మరీ చూశారు. మనం మాత్రం ఆ ఊరి మీదుగా పెళ్లిళ్లకు వెళ్లొస్తున్నాం, తల కూడా తిప్పకుండా.

ఇంకో ముచ్చట. అక్కడ ధర్మచక్ర స్తంభం మీద ఒక శాసనం ఉంది. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి పద్దెనిమిదో పాలనా సంవత్సరంలో రాజవైద్యుడు ఒకాయన నిలబెట్టించాడు. బుద్ధుడి ధర్మచక్రాన్ని కీర్తించే ఆ శాసనంలో మన కృష్ణుడి ప్రస్తావన కూడా వస్తుంది. నేపాల్‌లో చూసి నోరెళ్లబెట్టాం కదా, శివుడూ బుద్ధుడూ ఇరుగుపొరుగున ఉన్నారని! మన గుట్ట మీద వెయ్యిన్నర ఏళ్లకు ముందే అదే సంగతి.

రాజు యాగం చేస్తే రాణులు స్తూపం కట్టించారు

ఈ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. మనం నాగార్జునకొండ అంటున్నది అదే. పరీక్షల కోసం ఆ పేరు నేను ఎన్నిసార్లు బట్టీపట్టానో! ‘ఇక్ష్వాకులు, మూడో శతాబ్దం, నాగార్జునకొండ’ అని రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ కొండ లోయలో ఎవరి పేర్లు రాళ్ల మీద ఉన్నాయో ఏ మాస్టారూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఎక్కువగా ఆడవాళ్ల పేర్లు!

రాజు శాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసిన వైదికుడు. కుమారస్వామి భక్తుడు. ఆయన తోడబుట్టిన చాంతిసిరి మాత్రం బుద్ధుడికి మొక్కింది. నాగార్జునకొండ మహాచైత్యం ఆమె చలవే. ఆమె మేనల్లుడు, అల్లుడు కూడా అయిన వీరపురుషదత్తుడి ఆరో ఏట అది పూర్తయింది. ఆ ఇంటి ఆడవాళ్లు ఇంకా ఎందరో అక్కడ స్తంభాలు నిలబెట్టించారు. ఒకే ఇంట్లో అన్న యజ్ఞం చేశాడు, చెల్లెలు చైత్యం కట్టింది. ఆ ఇంటి గొడవలు ఏమిటో మనకు తెలియదు కానీ, రాళ్ల మీద మాత్రం గొడవ కనిపించదు.

రాణులు సరే, వాళ్లకు డబ్బుంది అంటారా? బోధిసిరి సంగతి వినండి. ఆమె రాణి కాదు. మామూలు గృహస్థురాలు, ఉపాసిక. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. వీరపురుషదత్తుడి పద్నాలుగో ఏట వేయించిన ఆమె శాసనంలో, ఆ భిక్షువుల పరంపర ధర్మం బోధించిన దేశాల జాబితా ఉంది. కాశ్మీరం, గాంధారం, చీనా, చిలాత, వంగం, వనవాసి, యవన, ద్రవిడ... చిలాత అంటే కిరాతులని, హిమాలయాల కొండజాతుల వాళ్లని పండితుల మాట. చూశారా! మన కృష్ణ ఒడ్డున ఒక ఇల్లాలు వేయించిన రాతి మీద, పదిహేడు వందల ఏళ్ల కిందట, ఆ మంచుకొండల వాళ్ల పేరు ఉంది.

ఇచ్చిపుచ్చుకోవడం అటునుంచి కూడా ఉంది. ఖాట్మండు పక్కనే నాగార్జున్ అనే కొండ ఉంది. మా బస్సులోంచి చూపించారు. ఆచార్య నాగార్జునుడి పేరు అది. అప్పుడు ‘ఎవరో నాగార్జునుడట’ అనుకుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను.

చదువుతూ చదువుతూ ఒక పేజీలో ఆగిపోయాను. నాగార్జునకొండలో మెట్లమెట్లుగా కట్టిన రంగస్థలం ఒకటి ఉంది కదా, దాని దగ్గర కొండవాలున ఒక గుడి ఆనవాళ్లు దొరికాయి. అది హారీతి గుడి.

‘‘అత్తమ్మా!’’ అని కేక పెట్టాను. చేతిలోని వంకాయ వదిలేసి ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. ‘‘ఆ అమ్మ మన దిక్కు కూడా ఉందే! పదిహేడు వందల ఏళ్ల కిందటే ఉంది. నేనే తప్పు చెప్పిన’’ అన్నాను.

అత్తమ్మ నవ్వింది. ‘‘నేను అడిగిన్నాడే అనుకున్న. పిల్లలున్న కాడల్ల గసొంటి తల్లి ఉండకుంటే ఎట్ల?’’ అంది.

మన పక్కింటి దాతలు

అక్కడితో ఆగలేదు. మన జిల్లాల చుట్టే ఇలాంటి ఆడవాళ్లు ఇంకెందరో అని వెదికాను. రామన్నపేట దగ్గర తుమ్మలగూడెం ఉంది. ఇంద్రపాలనగరం అంటారు. అక్కడ దొరికిన విష్ణుకుండినుల రాగి రేకుల్లో గోవిందవర్మ రాజు పట్టమహిషి కట్టించిన బౌద్ధ విహారం సంగతి ఉంది. అదే వంశంలో మాధవవర్మ పదకొండు అశ్వమేధాలు చేశానని చెప్పుకున్నాడు. మళ్లీ అదే కథ. యాగమూ ఉంది, విహారమూ ఉంది.

ఇక సూర్యాపేటను ఆనుకునే ఉన్న పిల్లలమర్రి. శివరాత్రికి అందరం వెళ్తాం. అక్కడి ఎరకేశ్వరాలయం పేరు ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించారా? రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో కట్టించిన గుడి అది. ఆమె పేరే దేవుడికి పెట్టారు. ఎనిమిది వందల ఏళ్లుగా ప్రతి శివరాత్రికీ ఒక ఆడమనిషి పేరు పలుకుతున్నాం, ఆమె ఎవరో తెలియకుండానే.

అందుకే అనిపిస్తుంది. చరిత్ర అంటే రాజులూ యుద్ధాలూ అని మనకు మనమే దూరం జరిగాం. దీపానికి నూనె, గుడికి స్తంభం, భిక్షువులకు గూడు, పిల్లలకు మొక్కు... వీటి లెక్కంతా మన ఆడవాళ్లదే. నేపాల్‌లో ఆ లెక్క ఇప్పటికీ నడుస్తోంది కనుక మన కళ్లకు కనబడింది. ఇక్కడ మట్టి కప్పేసింది కనుక కనబడలేదు.

గుట్ట మీద ఒక పేరు

2024 డిసెంబర్‌లో ఒక ఆదివారం అత్తమ్మను తీసుకుని ఫణిగిరి వెళ్లాను. మావారు, పిల్లలు కూడా వచ్చారు. పులిహోర, పెరుగన్నం కట్టుకున్నాం. డెబ్బై నాలుగేళ్ల మనిషి, ‘‘ఖాట్మండులో ఎక్కలేదా ఏంది?’’ అంటూ నా చెయ్యి పట్టుకుని ఆగి ఆగి ఎక్కింది.

పైన విగ్రహాలేమీ ఉండవు. దొరికినవన్నీ భద్రపరచడానికి తీసుకుపోయారు. ఉన్నది గుండ్రటి స్తూపం అడుగు, ఇటుక గోడల ఆనవాళ్లు, వరసగా నిలబడ్డ రాతి స్తంభాలు. పిల్లలు ‘‘ఇంతేనా?’’ అన్నారు. కింద పొలాలు, దూరంగా బిక్కేరు వాగు. గాలి మాత్రం బాగా వస్తోంది.

ఒక రాయి మీద కూర్చుని వాళ్లకు బోధిసిరి కథ చెప్పాను. ఆమె తన దానం సంగతి రాయిస్తూ తన ఒక్కదాని పేరే రాయించుకోలేదు. భర్త, అమ్మానాన్నలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు... అందరినీ తలుచుకుని, ఈ పుణ్యంలో వాళ్లకూ వాటా ఉందని రాయించింది.

‘‘అందరి పేర్లూ రాయించిందా?’’ అని అత్తమ్మ మళ్లీ అడిగింది.

‘‘అవునత్తమ్మా.’’

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఎవరివైపూ చూడకుండా, ఒక పేరు చెప్పింది. యాభై మూడేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ పలకని పేరు. మావారు తలెత్తి చూశారు. తనకొక అక్క ఉండేదని ఆయనకు లీలగా తెలుసట. పేరు మాత్రం అప్పుడే విన్నారు. ‘‘నాకెందుకు చెప్పలేదమ్మా?’’ అన్నారు. గొంతు సరిగా రాలేదు ఆయనకు.

‘‘నువ్వు అడగలేదు కదరా’’ అంది అత్తమ్మ.

మా చిన్నది నానమ్మ ఒళ్లోకి జరిగి, ‘‘అత్తయ్య ఎట్ల ఉండేది నానమ్మా?’’ అని అడిగింది. అత్తమ్మ చెప్పింది. జుట్టు ఉంగరాలుగా ఉండేదట. బెల్లం అంటే ప్రాణమట. బాయి కాడికి వెంటపడి వచ్చేదట. పులిహోర గిన్నె ఖాళీ అయ్యేదాకా చెబుతూనే ఉంది.

ఇంటికొచ్చాక ఆ పేరు మా దేవుడి గదిలో, తలుపు లోపలివైపు, పసుపుతో రాసుకున్నాం. రాతి మీద చెక్కించే స్తోమత మాకు లేదు. కానీ సంక్రాంతికి పెద్దలకు బియ్యం ఇచ్చినప్పుడు ఈసారి ఆ పేరు కూడా పలికాం. ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పేరు ఒకటి ఉండే ఉంటుంది. మీ అత్తగారినో, అమ్మమ్మనో అడిగి చూడండి. మీ ఊరి పక్క గుట్ట మీద ఏముందో కూడా పనిలో పనిగా అడగండి. రెండూ మనం అడగకపోబట్టే మట్టి కింద ఉన్నాయి.

వెళ్లాలనుకుంటే...

ఫణిగిరికి సూర్యాపేట - జనగామ రోడ్డులో వెళ్లాలి. సూర్యాపేట నుంచి సుమారు 40 కిలోమీటర్లు. గుట్ట ఎక్కాలి కనుక పొద్దున్నే బయల్దేరండి. నీళ్లు, తినడానికి ఏదైనా వెంట తీసుకెళ్లండి. ఎండాకాలం పెద్దవాళ్లతో వద్దు. రాళ్ల మీద పేర్లు చెక్కవద్దని పిల్లలకు ముందే చెప్పండి. వచ్చేటప్పుడు పిల్లలమర్రి ఎరకేశ్వరాలయం చూసి రావచ్చు.

కోదాడ, మిర్యాలగూడ వైపు వాళ్లకు నాగార్జునసాగర్ దగ్గర. 1955లో డ్యాముకు శంకుస్థాపన జరిగాక, లోయ మునగకముందే అక్కడి కట్టడాలు కొన్నింటిని కొండ మీదికి తరలించి మళ్లీ కట్టారు. అదే ఇప్పుడు నీళ్ల మధ్య దీవి. మ్యూజియం అక్కడే ఉంది. లాంచీలో వెళ్లాలి. బయల్దేరే ముందు లాంచీ వేళలు కనుక్కోండి. సాగర్‌లోనే 2022లో ప్రారంభమైన బుద్ధవనం కూడా ఉంది.

మేము వచ్చే చలికాలంలో నాగార్జునకొండ వెళ్లాలనుకుంటున్నాం. హారతమ్మకు ఒక కొబ్బరికాయ బాకీ ఉందని అత్తమ్మ ఇప్పటినుంచే గుర్తుచేస్తోంది. అక్కడ గుడి ఆనవాళ్లే తప్ప పూజారి ఎవరూ ఉండరు కదా అంటే, ‘‘తల్లికి పూజారెందుకే?’’ అంటోంది.